వంతలు లేని బుర్రకథ

మందాకిని మేడంకు ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఒక పని పురమాయిస్తారు. విశాఖలోని మా సూక్ష్మజీవుల ల్యాబ్‌లో ఈ సంగతి తెలియక అడిగేవాళ్ళు కొత్తవాళ్ళు, తెలిసీ అడిగేవాళ్ళు మొండివాళ్ళు. ఫల్గుణరావు రెండో రకం.

అతని పరిశోధన రైబోజోమ్ మీద. కణంలో ప్రొటీన్లను అల్లే మగ్గం అది. బాక్టీరియా రైబోజోమ్‌లో ఆర్‌ఎన్‌ఏతో పాటు యాభైకి పైగా చిన్న ప్రొటీన్లు అంటిపెట్టుకుని ఉంటాయి గానీ, ముక్కకు ముక్క అతికే అసలు పని ఆర్‌ఎన్‌ఏదే. ఫల్గుణరావు ఆ చిన్న ప్రొటీన్లలో ఒకదాన్ని పట్టుకుని నాలుగేళ్ళుగా వేళ్ళాడుతున్నాడు. చివరికి దాన్ని పూర్తిగా తీసేసి బాక్టీరియాను పెంచి చూశాడు. అది నిక్షేపంగా పెరిగింది, కాస్త ఆలస్యంగా, అంతే. ఆ రోజు అతని మొహం చూస్తే మాకే జాలేసింది. మర్నాడు పొద్దున్నే పరిశోధన మానేస్తున్నానని ఉత్తరం రాసి మేడం బల్ల మీద పెట్టాడు.

"అది లేకపోయినా బాక్టీరియా చావలేదు మేడం, బతికే ఉంది. మరి ఈ ప్రొటీన్లన్నీ ఎందుకున్నట్టు?" అని అడిగాడు.

మేడం ఆ ఉత్తరం మీద పేపర్‌వెయిట్ పెట్టి, సాయంత్రం సైన్సు దినోత్సవంలో జరిగే బుర్రకథ ఏర్పాట్లు చూడమన్నారు. కథ అరగంటలో ముగియాలి. ఆ తర్వాత వైస్ ఛాన్సలర్ గారు ఇంకో సభకు వెళ్ళాలి.

విజయనగరం నుంచి బంగారయ్య అనే కథకుడు ఇద్దరు వంతలను వెంటబెట్టుకుని వచ్చాడు. చెప్పబోయేది కలరా కథ. మధ్యాహ్నం వాళ్ళు ఒకసారి పాడి చూసుకుంటుంటే ఫల్గుణరావు శ్రద్ధగా గమనించాడు. కథంతా కథకుడి నోట్లోనే ఉంది. వంతలు డక్కీలు వాయిస్తూ 'ఆహా' అనడం, 'ఆ తర్వాతేమైంది?' అని అడగడం తప్ప ఒక్క ముక్కా చెప్పడం లేదు. ల్యాబ్ బుద్ధి ఎక్కడికి పోతుంది? వాళ్ళను తీసేస్తే కథ త్వరగా తేలిపోతుందని నిర్ణయించుకుని, సాయంత్రం కాగానే ఇద్దరినీ మర్యాదగా క్యాంటీన్‌కు పంపించి పెసరట్లు చెప్పాడు. బంగారయ్య వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు.

కథ మొదలైంది. ఆగలేదు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బంగారయ్య ఒక చరణం పాడి, అలవాటుగా కుడివైపు చూశాడు. ఎవరూ లేరు. ఎడమవైపు చూశాడు. చేసేది లేక అదే చరణం మళ్ళీ పాడాడు. ఇరవై నిమిషాలైనా కలరా ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. తీరా వచ్చాక, ఆ కంగారులో రోగి తాగాల్సిన బావినీళ్ళు డాక్టరు చేత తాగించేశాడు. డాక్టరు పోయాడు. మందిచ్చే నాథుడు లేక ఊరూ పోయింది. చేతులు కడుక్కోమని చెబుదామంటే కథలో ఒక్క ప్రాణీ మిగల్లేదు. వైస్ ఛాన్సలర్ గారు వాచీ చూసుకోవడం మానేసి మేడం వైపు చూడడం మొదలుపెట్టారు.

ఫల్గుణరావు వేదిక పక్కకు పరుగెత్తి, ఇదేమిటని గుసగుసగా అడిగాడు.

"ఊఁ అనీవోడు లేడు బాబూ, ఊపిరెక్కడ పీల్చుకోను?" అన్నాడు బంగారయ్య చెమట తుడుచుకుంటూ.

క్యాంటీన్ దూరం. వెనకాలే వచ్చిన మేడం, పక్కన పెట్టి ఉన్న డక్కీ తీసి ఫల్గుణరావు చేతిలో పెట్టి, వేదిక మీదికి తోశారు. అతను సిగ్గుతో చచ్చిపోతూ 'ఆహా' అన్నాడు. బంగారయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. 'ఆ తర్వాతేమైంది?' అని అడిగాడు ఫల్గుణరావు. అంతవరకూ జరిగింది డాక్టరుకొచ్చిన పీడకల అని చెప్పి బంగారయ్య కథను దారిలో పెట్టాడు. పది నిమిషాల్లో ఊరంతా చేతులు కడుక్కుంది. జనం చప్పట్లు కొట్టారు.

సభయ్యాక ఫల్గుణరావు మేడం గదికి వచ్చాడు. డక్కీ ఇంకా చంకలోనే ఉంది. తన బాక్టీరియా ఎందుకు ఆలస్యంగా పెరుగుతోందో, ప్రొటీన్లు అల్లడంలో ఎక్కడ తప్పులు చేస్తోందో ఇంకోసారి చూస్తానని గొణిగాడు. చూపు మాత్రం పేపర్‌వెయిట్ కిందున్న ఉత్తరం మీదే ఉంది. మేడం దాన్ని తీసి అతని చేతికిచ్చారు.

"వెళ్ళాలని ఉంటే వెళ్ళు నాయనా," అన్నారు. "నువ్వు లేకపోయినా ఈ ల్యాబ్ చావదు. బతికే ఉంటుంది."