మూడో గుంత

ఓబులమ్మకి ముప్పై ఆరేళ్ళు. ప్రతి శుక్రవారం కువైట్‌లో ఉన్న మొగుడి నంబరుకి ఫోన్ చేస్తుంది.

అవతల ఎత్తుతారు, మాట్లాడరు. ఐదేళ్ళుగా ఇదే వరస. ఆమె ఫోన్ చెవికి అదిమిపెట్టి వింటుంది. గుప్పు, గుప్పు. ఫోన్ గుండెకి ఆనించుకుని ఉంటాడు అనుకుంటుంది. ఆ చప్పుడుతో వారమంతా నెట్టుకొస్తుంది. ఎదురుచూడమని చెప్పడానికి వీధి వీధంతా ఉంది. ఎన్నాళ్ళో చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు.

మునిసిపాలిటీలో చీపురు పట్టే ఆమెకి ఫిట్టర్ దస్తగిరి తన పని నేర్పుతున్నాడు. రోడ్డు తవ్వకుండా, ఇనుప కడ్డీ ఒక కొస నేలకీ ఇంకో కొస చెవికీ ఆనించి, లోపల నీళ్ళ గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పగలవాడు ఆ ఊళ్ళో ఆయనొక్కడే. వచ్చే నెల రిటైరవుతాడు.

ఓబులమ్మ చూపించిన చోట రెండు గుంతలు తవ్వారు. రెండూ పొడి.

"ఆడోళ్ళకి చెవులుండేది కమ్మలు పెట్టుకునేకే," అన్నాడు గడ్డపార పట్టినవాడు.

మూడోదీ తప్పితే మళ్ళీ చీపురే అని ఇంజనీరు చెప్పేశాడు.

ఆమె కడ్డీని చెవికి అదిమి, పళ్ళు బిగబట్టి విన్నది.

"ఈడే మామా! గుప్పు గుప్పుమంటాంది."

దస్తగిరి తవ్వమనలేదు. ఎవరో ఇల్లు కట్టుకోడానికి తెచ్చిపెట్టుకున్న కడప బండల మీద కడ్డీ నిలబెట్టాడు.

"ఇప్పుడు ఇను."

విన్నది. గుప్పు, గుప్పు. వంగి బండల కింద చూసింది. ఎండకి కాగిన దుమ్ము.

"దీంట్లో నీళ్ళు యాడియి మామా?"

"అంత అదిమితే ఇనపడేది నీ గుండె సప్పుడే మే."

ఓబులమ్మ ఆ బండల మీదే కూలబడింది. చెయ్యి కొంగున కట్టుకున్న ఫోన్ మీదికి పోయి, అక్కడే ఆగింది. గడ్డపార వాడు రెండో బీడీ ముట్టించాడు.

చాలాసేపటికి లేచి, కడ్డీని వదులుగా పట్టుకుని, అడుగడుక్కీ ఆగుతూ నడిచింది. పదకొండో అడుగు దగ్గర సన్నగా, ఎడతెగకుండా, సుయ్‌మని.

"తవ్వు," అంది.

మూడో గుంత నీళ్ళతో నిండింది.

ఆ శుక్రవారం ఓబులమ్మ ఫోన్ చెయ్యలేదు. కమ్మలు అమ్మి, విడాకులకి వకీలుని పెట్టుకుంది.