'లేదు' అన్న అంగడి

ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా, నాకు మిగిలిన మూడు పళ్లూ ఇప్పుడే, మీ కళ్లముందే రాలిపోవాలి. చూశారా, రాలలేదు. కాబట్టి అంతా నిజమే. ఇక కదలకుండా వినండి.

అనగనగనగా, సముద్రానికి ఇంకా ఇంత ఉప్పు పట్టని రోజుల్లో, జాజిపట్నం అనే పట్టణం ఉండేది. ఆ పట్నంలో ఒక వీధి. పేరు నూరంగళ్ల వీధి. అంగడి అంటే మీరు కొట్టు అంటారే, అదే. అటు యాభై, ఇటు యాభై. ఆ వీధి ఎంత పొడవంటే, ఈ చివర పెళ్లికూతురుగా అడుగుపెట్టిన పిల్ల బేరాలాడుకుంటూ ఆ చివరికి చేరేసరికి అమ్మమ్మ అయిపోయేది. అక్కడ మిరపకాయలు దంచితే పొరుగు రాజ్యంలో సైన్యమంతా ఒక్కసారే తుమ్మేది. యాలకుల బస్తా మూతి విప్పితే ఆకాశాన పోయే కొంగలు దారి మరిచి కిందికి దిగేవి.

వీధి మొదట్లో తాటిచెట్టంత రాతి పలక. దాని మీద చెక్కిన మాట ఒక్కటే: "ఈ వీధిలో 'లేదు' అనేవాడు లేడు."

ఎందుకంటారా? అంగట్లో 'లేదు' అన్న మాట వినపడితే లక్ష్మీదేవి గడప దిగి వెళ్లిపోతుందని వాళ్ల నమ్మకం. మన ఇళ్లలో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం కదా, వాళ్లూ అంతే. ఉప్పు అయిపోతే నిండుకుంది. నూనె అయిపోతే నిండుకుంది. ఒకసారి ఎవరో పరదేశి "ఉప్పు నిండుకుందయ్యా" అన్న మాట విని, "నిండిందా, అయితే రెండు కుంచాలు కొలవండి" అని గోనె పరిచి కూర్చున్నాడు. వాడి మనవలు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారని వినికిడి.

రాను రాను వర్తకులకి ఆ మాట కూడా రుచించలేదు. ఇంతదూరం వచ్చినవాణ్ని ఉత్త చేతులతో ఎందుకు పంపాలి? ఏది అడిగినా 'ఉంది' అనడం మొదలుపెట్టారు. మిరియాలు అడిగితే ఎండిన బొప్పాయి గింజలు. తేనె అడిగితే బెల్లం పాకం. కుంకుమపువ్వు అడిగితే రంగు వేసిన మొక్కజొన్న పీచు.

వీళ్లందరికీ పెద్ద కనకలింగం. ఆయన మాట ఎంత తీపంటే, "దయచేయండి" అనగానే చీమలు బారులు తీరి వచ్చేవి. ఆయన అంగడి ముందు వెండి పంజరంలో ఒక చిలుక. దానికి ఆయన నేర్పింది ఒక్కటే: "ఉంది! ఉంది! ఎంత కావాలి?"

వీధి చిట్టచివర నూరో అంగడి పేరిందేవిది. వాళ్లమ్మ ఇచ్చి పోయింది. ఎంత చిన్నదంటే, లోపల కూర్చుని ఆమె తుమ్మితే సరుకు వీధిలో పడేది. పన్నెండు డబ్బాలు, ఒక తక్కెడ, అంతే ఆస్తి. అది కాస్తా పోతే ఇంటింటికీ తిరిగి పిండి దంచుకు బతకాలి. మనిషి పైగా పిరికిది. ఆమె గొంతు వినాలంటే దోమలు కూడా రెక్కలు ఆపుకోవాలి.

ఒక పొద్దున జాలరిపేట నుంచి నూకాలు అనే ఆమె పిల్లని చంకనేసుకుని వచ్చింది. "అమ్మా, కాసింత తేనె ఇయ్యి. పిల్ల రెండు రోజులై దగ్గుతోంది. శొంఠిలో రంగరించి పెట్టమన్నారు."

తేనె డబ్బా ఖాళీ. పక్కనే కనకలింగం అన్ని అంగళ్లకీ పంచిపెట్టిన బెల్లం పాకం కుండ. పేరిందేవి "ఉం..." అనబోయింది. అంతలో పిల్ల దగ్గింది. ఆ దగ్గుకి పన్నెండు డబ్బాలూ గలగలమన్నాయి.

"లేదు" అంది పేరిందేవి.

వీధి వీధంతా ఆగిపోయింది. తక్కెడలు గాలిలోనే నిలిచాయి. పోస్తున్న నూనె ధార సగంలో ఆగి, కిందికి పడాలో పైకి పోవాలో తెలియక వేలాడింది.

"ఏంటీ?" అంది నూకాలు.

"లేదక్కా. ఈ కుండలో ఉన్నది బెల్లం పాకం. నువ్వు కొండ దిగువకి పో. అక్కడ తేనె పట్టే గంగన్న ఇల్లు ఏదని అడుగు. ఈ పొద్దే తుట్టె దింపాడు."

నూకాలు ఆమెని నిలువునా ఒకసారి చూసింది. "ఈ వీధిలో నాకు ఇంతవరకూ ఎవరూ దారి చెప్పలేదే తల్లీ. సరుకే అంటగట్టారు" అని పరుగు తీసింది.

కనకలింగం ఊగుతూ వచ్చాడు. "ఏమే పిల్లా, మతి పోయిందా? ఒక్క గరిటె పాకం పోస్తే నీ సొమ్మేం పోయింది?"

"పిల్ల దగ్గుతోంది బాబాయి గారూ."

"దగ్గేది ఆ పిల్లా, నువ్వా? కట్టుబాటు తెలుసుగా. ఆ పాడుమాట మూడుసార్లు అన్నవాళ్ల అంగడికి తాళం. ఒకటయింది!"

"ఉంది! ఉంది!" అంది దూరం నుంచి చిలుక.

పదిహేను రోజులు గడిచాయి. ఓడ నడిపే సరంగు దాలినాయుడు వచ్చాడు. తెరచాప కొయ్యంత మనిషి. ఆయన నడుస్తుంటే అంగళ్ల చూరులు తమంతట తామే పైకి జరిగేవి. గంగన్న దగ్గర నూకాలు చెప్పగా విని, నేరుగా నూరో అంగడికే వచ్చాడు.

"చెల్లెమ్మా, బస్తాడు మిరియాలు కావాల. ఓడ నిండా కాశ్మీరపు కుంకుమపువ్వే గానీ, తినే కూరలోకి ఘాటు లేక సచ్చిపోతున్నాం. గాలి మళ్లగానే బయల్దేరాల. నీకాడ ఉన్నాయా?"

ఉన్నాయి. సరిగ్గా బస్తాడు. అవి అమ్ముడైతే ఏడాదంతా నిశ్చింత. పేరిందేవి ఒక గింజ కొరికి చూసింది. నాలుక చుర్రుమనలేదు, కంట నీరు తిరగలేదు.

"ఉన్నాయన్నా. కానీ పోయినేటి పంట. ఘాటు లేదు."

మళ్లీ తక్కెడలు ఆగాయి.

"ఈ ఏటి సరుకు కనకలింగం బాబాయి గారి అటక మీద ఉంది. ముందు బొప్పాయి గింజలు చూపిస్తారు, పుచ్చుకోకు. 'అటక మీదవి దించండి' అను."

దాలినాయుడు నవ్విన నవ్వుకి రేవులో నలభై పడవలు ఊగాయి. వెళ్లి అలాగే అన్నాడు. కనకలింగం నోరు తెరిచి, మూసి, అటక ఎక్కాడు.

బస్తా అమ్ముడైంది, సంతోషమే. కానీ చెవులు కాలిపోతున్నాయి. వచ్చి పేరిందేవి మీద విరుచుకుపడ్డాడు. "నా అటక గొడవ నీకెందుకే?"

"అమ్ముడైంది మీ సరుకే కదా, బాబాయి గారూ."

"అయితే మాత్రం? ఘాటు లేదు అన్నావా లేదా?"

గుంపులోంచి ఎవరో గొణిగారు. "అయ్యగారు కూడా ఇప్పుడు రెండుసార్లు అన్నారు."

"నోర్ముయ్! నీకు రెండయ్యాయే పిల్లా. గుర్తుంచుకో."

మూడోది వారం తిరక్కుండానే వచ్చింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

రాజుగారి ఏడేళ్ల కూతురు జ్వరంతో పడి తొమ్మిది రోజులైనా కళ్లు తెరవలేదు. "అసలైన కుంకుమపువ్వు నాలుగు రేకలు చాలు, పాలలో ఇస్తాను" అన్నాడు వైద్యుడు. సేవకుల్ని పంపడానికి నమ్మకం చాలక, రాజే బయలుదేరాడు. కిరీటం లేదు. కాళ్లకి చెప్పుల్లేవు. రాజు పాదాలు అందరి పాదాల్లాగే ఉంటాయని ఆ వీధి మొదటిసారి చూసింది.

ప్రతి అంగట్లోనూ "ఉంది మహారాజా!" అన్నారు. వైద్యుడు వెంటే పాల గిన్నెలతో నడుస్తున్నాడు. వేసీవెయ్యగానే పాలు ఎర్రగా మారేవి. వైద్యుడు తల అడ్డంగా ఊపేవాడు. అసలు పువ్వు రంగు నిదానంగా దిగుతుంది, దొంగ రంగుకే తొందర. ఒకటి, పది, యాభై, తొంభై తొమ్మిది గిన్నెలు. వీధి పొడవునా ఎర్రటి పాలు.

రాజు అలిసిపోయి పంజరం ముందు ఆగాడు. "చిలుకా, నువ్వైనా నిజం చెప్పు. ఈ వీధిలో కల్తీ ఉందా?"

"ఉంది! ఉంది! ఎంత కావాలి?"

ఒక్కరూ నవ్వలేదు. రాజు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఎవరు నవ్వుతారు?

కనకలింగానికి ముచ్చెమటలు పోశాయి. అడ్డదారిన పరుగెత్తి నూరో అంగడికి ముందే చేరాడు. పేరిందేవి చేతిలో వెండి భరిణె కుక్కాడు. "ఉంది అను. ఇది ఇయ్యి. లేదన్నావో, ఈ పొద్దే తాళం. మీ అమ్మ అంగడి, ఆలోచించుకో."

ఆమె మూత తీసి చూసింది. మొక్కజొన్న పీచు.

రాజు వచ్చి గడప ముందు నిలబడ్డాడు. "నీ దగ్గరైనా ఉందా, తల్లీ?"

పేరిందేవి పన్నెండు డబ్బాలనీ చూసింది. అమ్మ చెయ్యి తగిలి తగిలి నున్నబడిన తక్కెడ పిడిని చూసింది. కానీ దోమలు రెక్కలాపుకుంటే తప్ప వినపడని ఆ గొంతు ఏ గుహలోంచి లేచిందో గానీ, వీధి ఆ చివరి రాతి పలకని తాకి తిరిగి వచ్చింది.

"లేదు, మహారాజా!"

సముద్రం అలల్ని పట్టుకుని లిప్తపాటు ఆగింది. నిజం, ఆ రోజు రేవులో ఉన్నవాళ్లు చూశారు.

"నా దగ్గర లేదు. ఈ వీధిలోనే లేదు. రేవులో దాలినాయుడి ఓడలో ఉంది. గాలి మళ్లేలోపు వెళ్లండి!"

రాజు పరుగెత్తాడు. రాజు పరుగెత్తితే వెనక పట్నమంతా పరుగెత్తింది. లంగరు సగం పైకి లేచి ఉండగా ఓడని అందుకున్నారు. నాలుగు రేకలు పాలలో వేస్తే, అవి తొందరపడలేదు. మెల్లగా, తెల్లవారే ఆకాశంలా, గిన్నె అంచుల దాకా రంగు పాకింది. ఆ పాలు తాగిన రాజకుమారి తెల్లారేసరికి కళ్లు తెరిచి "ఆకలి" అంది. అని, ఏడు గుండిగల అన్నం తింది.

ఇక్కడ నూరో అంగడికి తాళం పడింది.

రాజు తిరిగి వచ్చి చూసి మండిపడ్డాడు. "ఇప్పుడే బద్దలు కొట్టిస్తాను!"

"వద్దు మహారాజా. మీరు తీయిస్తే నా అంగడికి జనం మీ భయంతో వస్తారు. వేసినవాళ్లే తియ్యాలి."

ఆ మాట విని అందరికంటే ముందు ఉలిక్కిపడింది ఎవరో తెలుసా? స్వయంగా పేరిందేవే. తన నోట అంత మాట వచ్చిందని ఆమెకే నమ్మకం కుదరలేదు.

మర్నాడు గడపకి దణ్ణం పెట్టి వెళ్లిపోదామని వస్తే, మెట్టు మీద నూకాలు కూర్చుని ఉంది. పక్కన పిల్ల, దగ్గు ఊసే లేదు. "మంచి చింతపండు ఎవరికాడ ఉందో చెప్పవే" అంది. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకో పదిమంది.

డబ్బాలు లోపల, తాళం బయట, పేరిందేవి మెట్టు మీద. "చింతపండు ముప్పై రెండో అంగట్లో. బెల్లం రెండోదాంట్లో. ఆవాలు ఇవాళ ఎక్కడా బాగాలేవు, రేపు రండి." మధ్యాహ్నానికి ఆ వరుస రేవు దాకా పోయింది. సాయంత్రానికి కొండ ఎక్కింది. వరుస చివర నల్లటి గడ్డంతో నిలబడినవాడు మెట్టు దగ్గరికి వచ్చేసరికి గడ్డం తెల్లబడిపోయింది. చేతిలో చిటికెడు సరుకు లేని మనిషి చుట్టూ పట్నమంతా! తొంభై తొమ్మిదిమంది గుమ్మాల్లో నిలబడి, నోళ్లు తెరుచుకుని చూశారు. ఆమె పేరు చెప్పిన అంగడికి తప్ప ఎవరూ ఎక్కడికీ పోలేదు.

మూడో రోజు కనకలింగం వచ్చి కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"పిల్లా, నా గురించీ ఒక్క మాట చెప్పవే. ఉంది అని."

"మీరే చెప్పండి బాబాయి గారూ. రోజుకి వెయ్యిసార్లు అంటారుగా."

"నేనంటే ఎవడూ నమ్మడం..." ఆగిపోయాడు. గొంతులో మాట చేపముల్లులా అడ్డం పడింది.

"అనండి. ఏం కాదు."

"నమ్మడం... లేదు!"

అందరూ చటుక్కున ఆయన గడప వైపు చూశారు, లక్ష్మీదేవి దిగిపోతోందేమోనని. గడప మీద దీపం రెపరెపలాడలేదు. అప్పుడు వరుసలో ఒక ముసలమ్మ అడిగింది. "అయ్యా, తమ దగ్గర తేనె ఉందా?"

"లేదమ్మా. కొండ దిగువన గంగన్న దగ్గర ఉంది."

"మరి మిరియాలు?"

"ఉన్నాయి."

"అయితే పావుసేరు కట్టండి" అని ఆమె ఆయన అంగడి వైపు నడిచింది. కొరికి చూడలేదు, వాసన చూడలేదు. కనకలింగం ఆమె వెనకే వెళుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన 'ఉంది' అంటే ఒక మనిషి నమ్మడం అదే మొదలు.

ఆ పొద్దున తొంభై తొమ్మిది గొంతులూ ఒకటొకటిగా ఆ మాట నేర్చుకున్నాయి. వీధి మొత్తం గుడిలా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో గడపగడపకీ పసుపు అడుగులు పడ్డాయి. చిన్న చిన్న ఆడపాదాలు. అవి బయటికి పోవడం లేదు. లోపలికి వస్తున్నాయి. నూరో గడప మీద మాత్రం, తాళం ఉన్న తలుపు ముందు, అవి ఎదురుచూస్తున్నట్టు ఆగి ఉన్నాయి. కనకలింగం తానే తాళం తీశాడు.

అందుకే, చిన్నదో పెద్దదో అంగడి పెట్టుకున్న ప్రతివాళ్లూ వినండి: 'లేదు' అనే ధైర్యం ఉన్న నోటి నుంచి వచ్చినప్పుడే 'ఉంది' అన్న మాటని లోకం నమ్ముతుంది.

సరే, లేవండి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నువ్వు కాదు, నువ్వు, ఆ చివర ఆవలిస్తున్నావే, నువ్వు మూల కొట్టుకి పోయి గుప్పెడు వాము పట్టుకురా. లేదన్నాడనుకో, మొహం మాడ్చుకోకు. ఎక్కడ దొరుకుతుందో అడిగి, లేదన్న ఆ కొట్టతని పేరు కూడా కనుక్కునిరా. రేపటి నుంచి మనకి ఏం కావాలన్నా ముందు అతన్నే అడుగుదాం.