పూగదత్తుడి గండభేరుండం

అనగనగా, చీమకు కూడా ఒక పూట తీరిక దొరికే రోజుల్లో, సముద్రపు ఒడ్డున కలువపాడు అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో పూగదత్తుడనే వక్కల వర్తకుడు ఉండేవాడు. మనిషి కూడా వక్కలాగే గట్టి. పగలగొడితే గాని లోపల ఏముందో తెలిసేది కాదు.

కలువపాడు వాళ్లకు బొమ్మల పేక అంటే ప్రాణం. పాత గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, ఎండబెట్టి, గుండ్రంగా కోసి, దాని మీద ఏనుగునో పులినో చీమనో రాసేవారు. అదొక ముక్క. అలాంటివి పన్నెండు చేరితే ఒక కట్ట. ఎవరి కట్ట వాళ్లదే. నచ్చిన ముక్క కొనుక్కోవచ్చు, నచ్చనిది ఇచ్చి మార్చుకోవచ్చు. ప్రతి పున్నమి నాటి మధ్యాహ్నం ఆటసాలలో ఇద్దరిద్దరు ఎదురెదురుగా చాప మీద కూర్చుని, చెరొక ముక్క వేసేవారు. ఏనుగు గుర్రాన్ని పడగొట్టేది. పాము ఎలుకను మింగేది. ఎవరి ముక్కలు ఎక్కువ పడితే వారు ఓడినట్టు.

అన్నిటికీ మించిన ముక్క ఒకటుండేది. అది రెండు తలల పక్షి, గండభేరుండం. అది చాప మీద పడిందా, ఎదుటివాడి ముక్కలన్నీ పడినట్టే, ఆట అయిపోయినట్టే. బంగారు రేకు అద్దిన ఆ ముక్క దేశం మొత్తానికి ఒక్కటే. దాన్ని పూగదత్తుడు నూరు వరహాలు పోసి కొన్నాడు. ఆ ధర తానే ఊరంతా చెప్పుకున్నాడు గనక, పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఏడేళ్లు ఆయనే గెలిచాడు. కూర్చునేవాడు, గండభేరుండం వేసేవాడు, లేచేవాడు. అదంతా తన తెలివేనని నమ్మాడు పాపం. నూరు వరహాలకు తెలివి కూడా కలిపి ఇస్తారనుకున్నాడు కాబోలు.

అయితే ఒక్క మాట. ఆయనకు ఆటసాల మీద నిజంగానే మమకారం ఉండేది. వక్కల కొట్లో అందరూ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఇంట్లో నౌకర్లూ నిలబడేవారు. మనిషన్నవాడు ఆయనకు ఎదురుగా కూర్చునేది ఆ ఒక్క చోటే.

ఒక పున్నమికి ఆయన వచ్చేసరికి ఆటసాలలో నలుగురే ఉన్నారు. ఒకరికి మోకాళ్ల నొప్పులట, ఒకరి మేక ఈనుతోందట, ఒకరి అత్తగారు వచ్చారట. పూగదత్తుడు గెలుపు బహుమానం రెట్టింపు చేస్తానన్నాడు. మరుసటి పున్నమికి ముగ్గురే వచ్చారు. అందరికీ బూరెలతో విందు పెడతానన్నాడు. ఆపై పున్నమికి వాళ్లు బూరెలు తిని వెళ్లిపోయారు. ఆట మాత్రం ఎవరూ ఆడలేదు.

ఆటసాలను చూసుకునే ముసలమ్మ పేరు ముమ్మడమ్మ. ఆమె ఆయనను పిలిచి, రాజుగారి దగ్గర నుంచి కబురొచ్చిందని చెప్పింది. వచ్చే కార్తీక పున్నమికి ముప్పై మంది కూర్చోకపోతే ఆటసాలను ఉప్పుకొట్టు చేస్తారట.

పూగదత్తుడు హడలిపోయాడు. ఉప్పు బస్తాలు తనకు ఎదురుగా కూర్చుంటాయా? ఏదో ఒకటి చేయమని ఆయనే ముమ్మడమ్మను బతిమాలాడు.

ముమ్మడమ్మ చేసింది. మర్నాడే వీధుల్లో దండోరా వేయించింది. "ఇకపై పన్నెండు ముక్కల కట్ట పది రూకలకు మించరాదహో" అని దండోరా వాడు అరిచాడు.

ఆ మాట వినగానే పూగదత్తుడి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పది రూకలా? ఆయన కుక్క మెడలో గొలుసు ఖరీదే పదిహేను. దండోరా వాడు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు గాని, ఈయన రెండు చెవులూ మూసుకుని లోపలికి పోయి, భోజనం కూడా చేయకుండా పడుకున్నాడు.

కార్తీక పున్నమి వచ్చింది. ఆటసాల గుమ్మం దగ్గరే ఆయన ఆగిపోయాడు. లోపల కాలు పెట్టే సందు లేదు. చేపలమ్మేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, పడవ సరంగులు, అందరూ ఒళ్లో కట్టలు పెట్టుకుని కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులాయన అందరికంటే ముందు బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. అది చూసి పూగదత్తుడికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

రాజుగారి మనిషి తలలు లెక్కపెట్టి నలభై ఇద్దరన్నాడు. ముమ్మడమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి కట్ట ధర అడిగింది. ఎవరి ధర వాళ్లే చెప్పాలి. పూగదత్తుడి వంతు వచ్చింది. తక్కిన పదకొండు ముక్కలూ ఏడు రూకలన్నాడు. అది నిజమే. తర్వాత గండభేరుండాన్ని చాప మీద పెట్టి, గొంతు సవరించుకుని, "ఇది మూడు రూకలు. మేనమామ కొడుకు చవకగా ఇచ్చాడు" అన్నాడు.

ఇంత పెద్దమనిషి నోట ఇంత చిన్న అబద్ధమా అని అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ముమ్మడమ్మ మాత్రం కోప్పడలేదు.

"మంచిది నాయనా. మరి దండోరాలో రెండో మాట విన్నావు గదా? చెప్పిన ధర ఇచ్చి ఎవరైనా ఆ ముక్క కొనుక్కోవచ్చు. కాదనడానికి వీల్లేదు."

ఆ రోజు చెవులు మూసుకోకుండా ఉండాల్సిందని పూగదత్తుడికి అప్పుడు తెలిసొచ్చింది. మాచక్క అనే చాపలల్లే ఆవిడ వెనక వరుసలోంచి లేచి వచ్చింది. కొంగుముడి విప్పి, మూడు రూకలు ఆయన ముందు పెట్టి, గండభేరుండాన్ని తీసుకుంది.

కాదనాలంటే అబద్ధం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పరువు పోతుంది. ఒప్పుకోకపోతే పక్షి పోతుంది. ఆయన అటూ ఇటూ తేల్చుకునేలోపు పక్షి పోనే పోయింది. పరువు కూడా పెద్దగా మిగల్లేదు.

అయినా సిసలైన వింత అప్పుడు జరిగింది. ముక్క చేతులు మారింది గనక దాని ధర మళ్లీ చెప్పమని ముమ్మడమ్మ మాచక్కను అడిగింది. మూడు రూకలంటే చాలు, ఆ పూట గెలుపు ఆమెదే. ఆమె బొమ్మను ఒకసారి చూసుకుంది.

"నూరు వరహాలమ్మా. ఊరందరికీ తెలిసిన ధర అదే. ఇది నా కట్టలో పట్టదు, పక్కన పెట్టండి" అంది.

పూగదత్తుడు లెక్క చూసుకున్నాడు. అదే పక్షి, అదే పూట. తన నోట మూడు రూకలు, ఆమె నోట నూరు వరహాలు. ఆయన తల ఎత్తలేకపోయాడు.

ఇప్పుడు ఆయన దగ్గర పదకొండే ముక్కలున్నాయి. లేచి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ మాచక్క వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చుంది. తన దగ్గర ఎక్కువున్న చీమ ముక్కను ఆయనకిచ్చి, ఆడదాం రమ్మంది.

ఆడారు. ఏడేళ్లలో మొదటిసారి పూగదత్తుడి ఆట మొదటి ముక్కతో అయిపోలేదు. పులి వేస్తే నక్క వచ్చింది, గద్ద వేస్తే పాము వచ్చింది. ఆయన చెమటలు తుడుచుకున్నాడు, పెదవి కొరుక్కున్నాడు, ఒకసారి పకపకా నవ్వాడు కూడా. చివరికి ఇద్దరూ సమానమై, చెరొక ముక్క మిగిలింది. మాచక్క ఏనుగు వేసింది.

పూగదత్తుడు తన చేతిలోని ముక్క చూసుకున్నాడు. చీమ! నిట్టూర్చి, దాన్ని చాప మీద వేయకుండానే ఓడిపోయానని పక్కన పెట్టేశాడు. ఆట ముగిసిందని ముమ్మడమ్మ గంట కొట్టింది.

మాచక్క ఆ ముక్కను తిప్పి చూసి తెల్లబోయింది.

"అయ్యో, ఎందుకు వేయలేదయ్యా? చీమ తొండంలో దూరితే ఏనుగు పడిపోతుంది. మీరు గెలిచేవారే!"

పూగదత్తుడు చీమను మళ్లీ చేతిలోకి తీసుకుని చూశాడు. ఏడేళ్లు ఈ ఆటకు తానే మొనగాడు. చీమ ఏం చేస్తుందో కుండలు చేసేవాళ్లకు తెలుసు, చేపలమ్మేవాళ్లకు తెలుసు, తనకు తెలియదు. తెలుసుకునే అవసరం ఎప్పుడు పడింది గనక? ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మాచక్కా, వచ్చే పున్నమికి నాకు ఎదురుగా కూర్చుంటావా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె తప్పకుండా కూర్చుంటానంది.

మర్నాడు ఆయన నూరు వరహాలూ తెచ్చి మాచక్క చేతిలో పోశాడు. చెప్పిన ధర ఇస్తే కాదనడానికి వీల్లేదు గదా! తిరిగొచ్చిన గండభేరుండాన్ని పెట్టెలో దాచలేదు. ఆటసాల గోడకు తగిలించాడు. మాచక్క ఇచ్చిన చీమను మాత్రం కట్టలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు. ఆటసాల ఉప్పుకొట్టు కాలేదు. పూగదత్తుడు అక్కడ గెలిచిన పున్నములున్నాయి, ఓడిన పున్నములే ఎక్కువ. కానీ ఎదురుగా చాప ఏనాడూ ఖాళీగా లేదు.

కనుక పిల్లలూ, సొమ్ముతో గెలుపు కొనుక్కున్నవాడికి ఆటే రాదు. అందరికీ చోటిచ్చిన చాప మీదే ఎవరి సత్తా ఏమిటో తేలుతుంది.