గీత అవతల గవరయ్య కుటుంబం

కానూరిలంకలో తెలివైనవాళ్ళెవరని అడిగితే గవరయ్య ఏమాత్రం మొహమాటపడకుండా తన ఇంటివైపే చెయ్యి చూపించేవాడు. "చెప్పింది చెప్పినట్టు చేస్తామండి మేం. అంతకంటే తెలివేముంటుంది?" అనేవాడు. ఇంట్లో నలుగురు: గవరయ్య, భార్య సూరాంబ, కొడుకులు తాతబ్బాయి, బుల్లియ్య. అందరూ తుంగచాపలు అల్లేవాళ్ళే. చేతులు మాత్రం బంగారం, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ ఏడాది వాళ్ళ చాపలు చూడ్డానికి ఒక దొరసాని వస్తోందని కబురొచ్చింది. ఆవిడ కొంటే ఇంటిమీద పెంకులు వేయించుకోవచ్చు. లేకపోతే వానాకాలమంతా మళ్ళీ గిన్నెలూ చెంబులూ పట్టుకుని కారే చోటికల్లా పరుగెత్తడమే. దొరసానితో ఇంగ్లీషులో మాట్లాడాలి కదా అని బడిలో చెప్పే ఫిలోమినా టీచరమ్మ దగ్గరికి వెళ్ళారు.

ఆవిడ పుస్తకం ముట్టుకోలేదు. కాలవగట్టు మీద ముగ్గుతో గుండ్రంగా గీత గీసి, చేతికి బంతిచ్చింది. "ఆడుతూ నేర్చుకుందాం. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, అదీ ఇంగ్లీషులోనే. గీత లోపల తెలుగు ముక్క వచ్చిందో, ఔట్. బయటికెళ్ళి కూర్చోవాలి. నేను ఈల వేసేదాకా లోపలికి రాకూడదు."

అంతే. నలుగురూ ఆ మాటలు గుండెల్లో దాచుకుని, బంతి పట్టుకుని ఇంటికెళ్ళారు.

ఆ మర్నాడు పొయ్యిమీద అన్నం మాడుతోంది. సూరాంబకి వాసన తెలుస్తోంది, కానీ బంతి బుల్లియ్య చేతిలో ఉంది. నోరు మూసుకుని చేతులు ఊపింది. బుల్లియ్యకి తల్లిమీద జాలేసి బంతి విసిరాడు. సూరాంబకి అందలేదు. అది దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది. ఇంకేముంది, ఇంట్లో మాటే లేదు. అన్నం బొగ్గయింది.

మాటలు తేవాలని గవరయ్య కాలవలో దూకాడు. ఈత రాదు. మునుగుతున్నాడు, తేలుతున్నాడు, గట్టుమీద జనం ఉన్నారు, కానీ బంతి చేతిలో లేందే అరవకూడదు కదా. ఎలాగో బంతి దొరకబుచ్చుకుని, తనకి వచ్చిన ఒక్క ఇంగ్లీషు ముక్కా గొంతెత్తి అరిచాడు. "గుడ్ మార్నింగ్."

గట్టుమీదవాళ్ళు, "గుడ్ మార్నింగ్ గవరయ్యా" అని వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. పాపం, ఇంకో రెండు గుటకలు నీళ్ళు తాగాక కాళ్ళకి నేల తగిలింది. నీళ్ళు మొలలోతే.

దొరసాని రానే వచ్చింది. ఆ రోజు టీచరమ్మ పుట్టింటికెళ్ళింది. అయితేనేం, వాకిట్లో చాపలు పరిచి, చుట్టూ ముగ్గుతో గీత గీసి నలుగురూ లోపల నిలబడ్డారు. దొరసాని గీత లోపలికి అడుగుపెట్టగానే గవరయ్య బంతి విసిరాడు. ఆవిడ నవ్వుతూ పట్టుకుంది.

"చాపలు చాలా బాగున్నాయండీ. అన్నీ నేనే తీసుకుంటాను," అంది, చక్కటి తెలుగులో.

నలుగురూ కొయ్యబారిపోయారు. గవరయ్య బాధగా గీత అవతలికి వేలు చూపించాడు. "ఔట్."

"ఎండలో కూర్చోబెడతావేంటయ్యా, ఊరుకాని ఊరు వచ్చిన మనిషిని," అంది సూరాంబ.

"అమ్మా, నువ్వు తెలుగులో మాట్లాడేశావు," అన్నాడు తాతబ్బాయి.

"మరి నువ్వు మాట్లాడిందేంట్రా?" అన్నాడు గవరయ్య.

బుల్లియ్య పడీపడీ నవ్వాడు. "అందరూ పోయారు. నేనొక్కణ్ణే మిగిలాను."

ఇంకేముంది, అయిదుగురూ గీత అవతల వరసగా కూర్చున్నారు. దొరసాని కాసేపు ఓపిక పట్టింది.

"లోపలికెళ్ళి ఆ చాపలు తెచ్చుకుందామా?"

"టీచరమ్మ ఈల వెయ్యాలండి."

"ఆవిడెక్కడున్నారు?"

"పుట్టింటికెళ్ళారండి. వారం దాకా రారు."

దొరసాని తనే లేచి గీత దాటబోతే తాతబ్బాయి దణ్ణం పెట్టి ఆపాడు. అంతలో ఆఖరి బస్సు హారన్ కొట్టింది. ఆవిడ తల పట్టుకుని బస్సెక్కేసింది.

ఆ బస్సు దుమ్ము అణగకముందే ఎదురింటి గేదె తాడు తెంపుకుని వాకిట్లోకొచ్చింది. ఒక చాప నమిలింది. బాగుందేమో, ఇంకోటి నమిలింది. నలుగురూ గుడ్లప్పగించి చూస్తున్నారు. సూరాంబకి ఏడుపొచ్చింది.

"అన్నీ తినేస్తోందయ్యా. వెళ్ళి తోలవూ?"

"ఎలా తోలేదే?" అన్నాడు గవరయ్య. "లోపలికెళ్ళి ఇంతసేపయినా ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. ఆటలో అదే గెలిచింది."

ఓడినా పెద్దమనిషి తరహాలో ఉండాలని, నలుగురూ గేదెకి చప్పట్లు కొట్టారు.