మూట కనబడితే ఆగే నూకాలు

గుమ్మికొండ జంతువులకు ఒక ఆచారం ఉంది. రోహిణి కార్తె ఆఖరి రోజున అందరూ కొండ చుట్టూ పరుగెత్తుతారు. ముందొచ్చినవాళ్లకి, మామిడితోట కాపలావాడు వదిలేసిన తాటాకు పాక వానాకాలమంతా సొంతం. మిగిలినవాళ్లు చెట్ల కిందా రాళ్ల కిందా తల దాచుకుని, పాకలో ఉన్నవాళ్లని నాలుగు నెలలు తిట్టుకుంటారు. ఈ రెండో ఆచారాన్ని మొదటిదానికంటే శ్రద్ధగా పాటిస్తారు.

రెండేళ్లుగా ఆ తిట్లు తింటున్నది గవర్రాజు అనే నక్క. మొదటి ఏడు కుక్కలా మొరిగి కుందేలుని దారి తప్పించాడు. రెండో ఏడు కొండ తిరక్కుండానే పక్క పొదల్లోంచి దూరి గీత దాటేశాడు. పందెం పెద్ద పైడయ్య. దుక్కి మానేసి విశ్రాంతి తీసుకుంటున్న ముసలి ఎద్దు. ఆయన ఈ ఏడు గీత దగ్గర రెండు గుంజలు పాతించి, అటూ ఇటూ ముళ్లకంప వేయించాడు.

"ఇక ఈ గుంజల మధ్య నుంచే రావాలి నాయనా, నువ్వైనా నీ తెలివైనా," అన్నాడు.

"తాత నన్ను అనుమానించడం నాకెంత గౌరవమో!" అన్నాడు గవర్రాజు. ఇలాంటివాడికి సిగ్గు పుట్టించడం ఎవరి తరమూ కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నూకాలు అనే గాడిద కొండ కిందికి వచ్చి చేరింది. వెంట రెండు నెలల కూతురు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది కాబట్టి దాని పేరు బొట్టు.

నూకాలు బతుకు ఒక్క ఏడాదిలో తలకిందులైంది. బట్టలుతికే సన్యాసిరావు ఇంట్లో పదేళ్లు మూటలు మోసింది. మొన్న సంక్రాంతి వెళ్లగానే సన్యాసిరావు ట్రాలీ ఆటో కొన్నాడు. అంతకు ముందే నూకాలు మొగుణ్ణి ఇటుకల బట్టీకి తోలుకుపోయారు. మళ్లీ కబురు లేదు. బొట్టు పుట్టిన వారానికి సన్యాసిరావు నూకాలు మెడలో తాడు విప్పి, "పో అమ్మా, ఎక్కడైనా సుఖంగా బతుకు," అన్నాడు. పాపం, మంచివాడే. కానీ సుఖంగా ఎక్కడ బతకాలో ఆయనా చెప్పలేదు.

వేసవిలో ఓ మధ్యాహ్నం గాలివాన కొట్టింది. బొట్టు తడిసింది. మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. తగ్గాక కూడా దగ్గు వదల్లేదు.

పైడయ్య పిల్లని చూసి మొహం చిట్లించాడు. "ఇంకో ముసురులో తడిస్తే ఈ పిల్ల దక్కదే అమ్మీ. పొడి నేల చూసుకో."

"పొడి నేల ఎక్కడుంది తాతా?"

"ఒక్కచోటే ఉంది. దానికి పరుగెత్తాలి."

"నేనా! నేనెప్పుడు పరుగెత్తాను? పదేళ్లూ నడిచాను. అదీ ఒకరు తోలితే."

"తోలేవాడు పోయాడుగా. ఇంక పరుగెత్తు."

మర్నాడు తెల్లవారుతూనే నూకాలు పరుగు మొదలుపెట్టింది. తుమ్మచెట్టు దాకా వెళ్లి కూలబడింది. రెండో రోజు తుమ్మచెట్టు దాటి కూలబడింది. నాలుగో రోజుకి నడుం పట్టేసింది, ఆరో రోజుకి గిట్ట వాచింది. పిల్లకి పాలిచ్చి పరుగు, పరుగెత్తి పాలు. దగ్గు వినబడితే సగంలో వెనక్కి. అయినా వైశాఖం వెళ్లేసరికి వాగు దాకా ఆయాసం లేకుండా పోగలిగింది. ఆ రోజు వాగు ఒడ్డున ఒంటరిగా నిలబడి గట్టిగా ఓండ్ర పెట్టింది. ఎందుకో తనకే తెలియలేదు, సంతోషమేనేమో.

పరుగు మొదలుపెట్టినవాళ్లకి ఒక జబ్బు వస్తుంది. కనబడినవాళ్లకల్లా తమ పరుగు సంగతులు చెబుతారు. నూకాలుకీ వచ్చింది. పొద్దున ఎంత దూరం పోయిందో, ఏ కాలు లాగిందో, ఊపిరి ముక్కుతో పీలిస్తే మంచిదా నోటితోనా అని పాపం మేకని నిలబెట్టి చెప్పేది. మేక నమిలేది. ఒక్క గవర్రాజు మాత్రం చెవులు రిక్కించి విన్నాడు.

"నూకాలప్పా, నీ కాళ్లలో విద్య ఉంది. చెప్పేవాడే లేడు," అన్నాడు ఒకనాడు, అక్క వరస కలిపి.

"నువ్వు చెబుతావా?"

"రెండేళ్లు గెలిచినవాణ్ణి. నేను కాక ఎవరు చెబుతారు?"

"నువ్వూ పందెంలో ఉన్నావుగా గవర్రాజూ. నాకెందుకు చెబుతావు?"

గవర్రాజు గుండె మీద కాలేసుకున్నాడు. "పోటీ లేని గెలుపు నాకు రుచించదప్పా. చప్పగా ఉంటుంది."

నమ్మకూడదని నూకాలుకీ తెలుసు. కానీ కొత్త చోటు, పలకరించేవాళ్లు లేరు. పలకరించినవాడు నక్కైనా ఆ రోజుల్లో ముద్దుగానే ఉంటాడు.

గురువుగారు రాతిమీద కూర్చుని సోమవారం మెల్లగా, మంగళవారం ఎత్తుకి, బుధవారం దూరం అని నిర్ణయించేవాడు. నూకాలు నిజంగానే పరుగెత్తేది. గురువుగారు నిజంగానే కూర్చునేవాడు. రెండేళ్లు పొడి పాకలో పడుకుని తిన్న బొజ్జ రాతి మీద అటూ ఇటూ జారేది.

ఒక పొద్దున వాగు రేవులో ఎవరో బట్టల మూట దించి వెళ్లారు. దౌడు తీస్తున్న నూకాలు మూటని చూసింది. చూసీ చూడగానే నాలుగు కాళ్లూ నేలకి దిగిపోయినట్టు ఆగిపోయింది.

"ఏంటప్పా, ఏమైంది?"

"కదల్లేను."

"కాలు పట్టేసిందా?"

"కాదు గురువా, పాడు అలవాటు. మూట కనబడితే ఆగాలి. సన్యాసిరావు మూట వేసి, డొక్క మీద ఒక చరుపు చరిచి, 'పదవే' అంటేనే కాలు లేస్తుంది. పదేళ్లు! బుర్ర పద అన్నా కాళ్లు వినవు."

అంతలో వెనకాల వస్తున్న బొట్టు పాలకోసం తల్లి డొక్కలో తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. నూకాలు కాళ్లు వాటంతట అవే కదిలాయి.

"ఇదొక్కటే మందు," అని నవ్వింది నూకాలు. "డొక్క మీద దెబ్బ తగిలితే చాలు, ఎవరిదైనా పర్లేదు."

గవర్రాజు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. కానీ నూకాలు కూతురి చెవి నాకుతోంది.

ఆ సాయంత్రమే వాడు పైడయ్య దగ్గరికి పోయాడు. "తాతా, పందెంలో పసిపిల్లలు కాళ్లకి అడ్డం పడతారు. తొక్కిసలాట అయితే ఎవరిది పూచీ? పిల్లలందరినీ గీత అవతల కూర్చోబెట్టాలి. అవతలివాళ్లెవరూ పరుగెత్తేవాళ్లని ముట్టుకోకూడదు."

మాట సబబుగానే ఉంది. నక్క నోట సబబైన మాట వచ్చినందుకు పైడయ్యకి అనుమానం వచ్చింది గానీ, సబబుని కాదనలేకపోయాడు.

తర్వాత వారం రోజులు గవర్రాజు పాఠాలు ఆపేశాడు. రేవులో ఆరేసిన పాత చీరలు మూడు లాక్కొచ్చి, గడ్డి కూరి, మూడు మూటలు కట్టాడు. ఎక్కడ పెట్టాలి? విశాలమైన చోట పెడితే నూకాలు మరో వైపు చూస్తూ దాటిపోతుందేమో. అందుకని ఎటూ తప్పుకోలేని చోట్లు వెతికాడు. ఒకటి జంటబండల మధ్య ఇరుకు సందులో. ఒకటి బ్రహ్మజెముడు పొదల మధ్య సన్నబాటలో. మొదటి రెండూ తప్పితే ఉండాలని మూడోది సరిగ్గా గుంజల మధ్య, గీతకి జానెడు ఇవతల. వాడి పనితనంలో లోపం లేదు. చిన్న సంగతి ఒకటే మరిచాడు.

పందెం రోజున ఎండ పొద్దున్నుంచే మాడ్చేస్తోంది. పైడయ్య మెడలో గంట ఊపాడు. అందరూ బయల్దేరారు.

కుందేలు బాణంలా పోయింది. వాగు దగ్గర వడదెబ్బ తగిలి నీళ్లలో చతికిలబడింది. మేక సగం దూరం బాగానే వచ్చి, రేగుపొద కనబడగానే పందెం సంగతి మరిచిపోయింది. గవర్రాజు తొందరపడకుండా వెనకాల వస్తున్నాడు. నూకాలు అందరికంటే ముందుంది. ఊపిరి లెక్కలు, లాగే కాలు, వాచిన గిట్ట, ఏవీ గుర్తు లేవు. దగ్గే ఒక్కటి గుర్తుంది, గీత అవతల కూర్చున్న పిల్లది.

జంటబండల సందులోకి దూరింది. ఎదురుగా మూట. ఆగిపోయింది.

"కదలండే! చచ్చిన కాళ్లారా, కదలండే!" అని కాళ్లని తిట్టింది. కాళ్లు వినలేదు.

వెనకాల ఈల వేసుకుంటూ గవర్రాజు వచ్చాడు. "అయ్యో, ఆగావేంటప్పా? సరే, విశ్రాంతి తీసుకో. నేను ముందు..."

ముందుకి ఎలా పోతాడు? సందు నిండా గాడిదే. ఎడమ పక్క బండ, కుడి పక్క బండ. బండ ఎక్కబోతే బొజ్జ జార్చేసింది. కాళ్ల మధ్య నుంచి దూరబోతే అవతల తను సందులో బిగించిన మూటే మూతికి గుచ్చుకుంది. పైగా నూకాలు వెనక కాళ్లు ఎలాంటివో కొండంతా తెలుసు.

"జరుగప్పా!"

"జరగలేను గురువా. నీకు తెలుసుగా."

"దారివ్వవే తల్లీ!"

"డొక్క మీద ఒక్క చరుపు చరిచి 'పదవే' అను. వెళతాను."

గవర్రాజు పళ్లు కొరికాడు. ఇంకా రెండు మూటలున్నాయి కదా, సందు దాటాక తోసుకుపోతాను కదా అనుకున్నాడు. చరిచాడు. "పదవే!"

నూకాలు ఎగిరి మూట దాటి దౌడు తీసింది. గవర్రాజు తోసుకుపోదామని చూశాడు. చూడటానికే సరిపోయింది. నెలరోజులు పరుగెత్తిన కాళ్లు అవి. రాతి మీద కూర్చున్న కాళ్లు ఇవి.

బ్రహ్మజెముడు పొదల మధ్య మళ్లీ అదే సంగతి. ముందు మూట, మధ్య గాడిద, వెనక నక్క. పొదల్లోంచి చుట్టి పోబోయి గవర్రాజు ఒంటినిండా ముళ్లు గుచ్చుకుని తిరిగొచ్చాడు. ఏడుపు మొహంతో చరిచాడు. "పదవే... పదవే నా తల్లి!"

గట్టు మీదున్న కోతులు అది చూసి కింద పడి దొర్లాయి. "ఒరేయ్, గవర్రాజు గాడిదని తోలుతున్నాడ్రోయ్!"

గీత కనబడింది. గుంజలు కనబడ్డాయి. గుంజల మధ్య మూడో మూట కూడా కనబడింది. ముక్కు మూటకి ఆనించి, గీతకి జానెడు దూరంలో నూకాలు నిలబడిపోయింది.

గవర్రాజు రొప్పుతూ వచ్చాడు. చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆపేశాడు. ఇప్పుడు చరిస్తే గెలిచేది ఎవరో అప్పటికి బుర్రకెక్కింది.

"చరచను," అన్నాడు. "నీ మూట, నీ అలవాటు, నువ్వూ. సాయంత్రం దాకా నిలబడు." అని ఆమె పొట్ట కిందికి దూరి, మూటని మూతితో మెల్లగా ముందుకి నెట్టడం మొదలుపెట్టాడు. వేలెడు జరిగింది. ఇంకో వేలెడు జరిగింది.

"తాతా, ఎవరైనా ఒక దెబ్బ వెయ్యండి!" అని కేకేసింది నూకాలు.

పైడయ్య తల వంచుకున్నాడు. "గీత అవతలివాళ్లు ముట్టుకోకూడదే అమ్మీ. ఆ రూలు నేనే ఒప్పుకున్నాను."

గీత అవతల బొట్టు దగ్గింది. దగ్గి, తల్లి వైపు చూసింది. అమ్మ ఎందుకు రావడం లేదో దానికి అర్థం కాలేదు.

నూకాలుకి ఏడుపొచ్చింది. ఎవరి చెయ్యి కోసం చూస్తోంది తను? సన్యాసిరావు ఆటో తోలుకుంటున్నాడు. మొగుడు బట్టీలో ఉన్నాడు. ఇంక ఈ డొక్క మీద చరిచేవాళ్లెవరూ రారు. నెల రోజులు పొద్దున్నే లేచి తుమ్మచెట్టు దాటి, వాగు దాటి పరుగెత్తినప్పుడు ఎవరు తోలారు? ఆ రోజుల్లో ఒక్కనాడూ ఎవరూ పదవే అనలేదు.

నూకాలు తోక ఎత్తింది. తన డొక్క మీద తనే ఫెళ్లున ఒకటి కొట్టుకుంది.

"పదవే నూకాలూ!" అంది.

కాలు లేచింది. మూట దాటింది. గీత దాటింది. వెనక కాలు దాటుతూ దాటుతూ గవర్రాజు తోక మీద పడింది. వాడి అరుపుకి తోటలో మామిడికాయలు రాలాయని కోతులు చెబుతాయి గానీ, కోతుల మాటకి నేను పూచీ పడను.

బొట్టు పరుగెత్తుకొచ్చి పాలకోసం డొక్కలో ఒక్క కుమ్ము కుమ్మింది.

"అన్యాయం!" అని లేచాడు గవర్రాజు. "రెండుసార్లు నేను తోలితేనే కదా వచ్చింది!"

"అవును నాయనా, కొండంతా చూసింది," అన్నాడు పైడయ్య. "బాగా తోలావు. ఇక ఈ మూటలు కట్టిందెవరో కూడా నువ్వే చెప్పు."

చీర అంచు దారం పోగొకటి వాడి మీసానికి అంటుకుని ఉంది. అదే చెప్పింది.

మృగశిర కార్తె రాగానే ముసురు పట్టింది. పాకలో గడ్డి పొడిగా ఉంది. బొట్టు దగ్గు తగ్గి, పాకలో ఈ మూల నుంచి ఆ మూలకి గెంతుతోంది. పైడయ్య తీర్పు ప్రకారం, బయట వానలో గవర్రాజు మూడు మూటలూ వీపు మీద వేసుకుని రేవుకి తిరిగి ఇవ్వడానికి పోతున్నాడు. తడిసిన గడ్డి బరువు. పది అడుగులకోసారి ఆగిపోతున్నాడు.

బొట్టు గుమ్మంలోంచి తల బయటపెట్టి అరిచింది. "పదవయ్యా, గురువా!"

తోలే చెయ్యి వెళ్లిపోయిన రోజున, పద అనే మాట ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి.