అచ్చియ్యమ్మ సముద్రం చూసిన వైనం

గుమ్మడివలసలో తమ ఇంటికి గొప్ప పేరుందని గంపలవారు చెప్పుకుంటారు. ఒకరు చెప్పిన మాటను చెప్పినట్టుగా, పిసరంత అటూ ఇటూ కాకుండా చేసే ఇల్లు కొండకింది ఊళ్ళన్నిటిలోనూ తమదొక్కటేనని వాళ్ళ నమ్మకం. మిగతా ఊరంతా విన్న మాటకు సొంత బుర్ర కలిపి పాడుచేస్తుందట. గంపలవారు బుర్ర కలపరు. ఆ సంగతి ఊరు కూడా ఒప్పుకుంటుంది.

ఆ ఇంటికి పెద్ద అచ్చియ్యమ్మ. ఆవిడ తర్వాత పెద్దకొడుకు పోలినాయుడు, అతని భార్య పైడితల్లి, ఇంకా పెళ్ళికాని చిన్నకొడుకు తవిటినాయుడు. ఇంటాయన సింహాద్రినాయుడు కిందటి వేసవిలో పోయాడు. పోతూ ఒక తగవును తేల్చకుండా పోయాడు. వయసులో ఉండగా చింతపండు బండి వెంట ఆయన ఒకసారి భీమిలి దాకా వెళ్ళి, సముద్రం చూసి వచ్చాడు. దానికి అవతలి గట్టు కనబడదని భార్యతో చెప్పాడు. గట్టు లేకపోతే నీళ్ళు ఎలా నిలబడతాయని ఆవిడ అడిగింది. అన్నం వడ్డించేటప్పుడూ, గొడ్లకు కుడితి పెట్టేటప్పుడూ, కాపురమంతా ఆ మాటే నడిచింది. చివరికి మంచం పట్టాక కూడా ఆయన, "నేను అబద్ధం ఆడలేదే. ఒకసారి వెళ్ళి చూడు" అన్నాడు.

ఆవిడ ఆ ఒక్క మాటా పట్టుకుని కూర్చుంది. వెళ్ళాలి. చూడాలి. చూసి వచ్చి, ఆయన పటం ముందు నిలబడి, నిజం ఎవరిదో చెప్పాలి. అయితే చూడడానికి ఆవిడకు ఉన్నది ఒకటే కన్ను. రెండోది చిన్నతనంలోనే, అమ్మవారు పోసినప్పుడు పోయింది.

వానాకాలం వచ్చింది. పెంకుటిల్లు కారసాగింది. కారిన చోటల్లా గిన్నె పెట్టమని అచ్చియ్యమ్మ చెప్పింది. అంతే. అన్నం వండే తపేలా దేవుడి గూటి ముందుకు, కూర దాక గుమ్మంలోకి, పాలచెంబు పెట్టె మీదికి వెళ్ళిపోయాయి. ఒక ధార సరిగ్గా పోలినాయుడి బొడ్డు మీద పడుతోంది. అతను మంచం జరపలేదు. జరపమని ఎవరూ అనలేదు కదా. గిన్నెను బొడ్డు మీద పెట్టుకుని, అది తొణక్కుండా ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. గిన్నెలన్నీ నిండాయి. నిండినవాటిని పారబోయమని ఆవిడ చెప్పలేదు. ఇంకేముంది, ఇల్లంతా నీళ్ళు. వండుకోవడానికి గిన్నె లేక నలుగురూ నానిన అటుకులు తిన్నారు. తింటూ, కారిన ప్రతి చుక్కా గిన్నెలోనే పడిందని మురిసిపోయారు.

వానలు వెలిశాయి, చలి వచ్చింది. గిన్నెలు తీయమని ఎవరూ అనలేదు గనక అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకనాడు అచ్చియ్యమ్మ తపేలాలో కాలు పెట్టి పడింది. మర్నాడు కూర దాకలో పెట్టి పడింది. ఆవిడ కన్ను మసకబారిందని అప్పటికి గాని ఇంట్లో తెలియలేదు. తెలిశాక గిన్నెలు తీశారా అంటే, తీయలేదు. ఆవిడ అడిగింది గిన్నెలు తీయమని కాదు, నడిచేటప్పుడు ఎదురుగా ఏముందో చెప్పమని.

పైడితల్లి పద్ధతి గల కోడలు. ఆ చివర నుంచి మొదలుపెట్టింది.

"ఎదురుగా కొండ ఉందత్తా. కొండకివతల జీడితోట. తోటకివతల మన చేను. చేనుకివతల రోడ్డు. రోడ్డుకివతల పశువులపాక, అందులో గేదె..."

ఈ వరుస గుమ్మం దాకా వచ్చేలోగా అత్తగారు గుమ్మం దాటి, మెట్టు తప్పి, కిందికి వెళ్ళిపోయింది.

"...పాకకివతల పేడకుప్ప, పేడకుప్పలో నువ్వు" అని పైడితల్లి వరుస చెడకుండా ముగించింది.

ఊరికి వచ్చే నర్సమ్మ కన్ను చూసి, శుక్లం ముదిరిందని, చలి తగ్గాక పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పింది. ఆ మధ్యాహ్నం ఎండ కాసి చలి తగ్గింది. ఇంకేముంది, తవిటినాయుడు గుమ్మడికాయలు తోలే తన ట్రాలీ ఆటోలో తల్లిని ఎక్కించాడు. పొలిమేర చేరేసరికి పొద్దు వాలి చలి పెరిగింది. బండి వెనక్కి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ బయల్దేరింది. మాఘమాసమంతా ఆ ఆటో ఇంటికీ పొలిమేరకూ మధ్య తిరుగుతూనే ఉంది. ఎవరైనా ఎక్కడికని అడిగితే, పట్నానికని పోలినాయుడు నిబ్బరంగా చెప్పేవాడు.

మామిడిపూత పిందె కట్టి, వేపచెట్లు పూసి, దుప్పటి అక్కర్లేని రోజులు వచ్చాక గాని ఆ ప్రయాణం పొలిమేర దాటలేదు. దాటేముందు అచ్చియ్యమ్మ బిడ్డలకు గట్టిగా చెప్పింది.

"ఆపరేషన్ అయిన వెంటనే నన్ను ఇంటికి కాదు, సముద్రానికి తీసుకెళ్ళండి. నా కంటితో నేను చూసేదాకా దాని గురించి నాకెవరూ ఏమీ చెప్పకండి. మీ నాన్న చెప్పింది చాలు."

ట్రాలీలో నులకమంచం వేసి ఆవిడను కూర్చోబెట్టారు. పులిహోర డబ్బా పెట్టుకున్నారు. పట్నం నీళ్ళ మీద నమ్మకం లేక ఇత్తడి బిందెతో నూతినీళ్ళు కూడా పెట్టుకున్నారు. వసంతకాలపు గాలి హాయిగా వీస్తోంది. దారిలో టీ తాగిన చోట కొట్టతన్ని దారి అడిగితే, ఇదే రోడ్డు పట్టుకుని తిన్నగా పొమ్మని, బండి ఎక్కడా తిప్పవద్దని చెప్పాడు. చాలా దూరం వెళ్ళాక ఆకలి వేసింది. చూస్తే పులిహోర డబ్బా టీకొట్టు బల్ల మీదే ఉండిపోయింది. వెనక్కి వెళ్ళాలి, కాని బండి తిప్పకూడదు. అంతే. తవిటినాయుడు వెనక గేరు వేశాడు. ట్రాలీ వెనకంచున పోలినాయుడు నిలబడి వచ్చే బస్సులకు చేతులు అడ్డం పెడుతుంటే, లారీలవాళ్ళు తల్లినీ తండ్రినీ తలుచుకుంటుంటే, ఆ ఆటో వచ్చిన దారంతా వెనక్కి వెనక్కి నడిచి టీకొట్టు చేరింది.

బండి తిప్పుకుని రావచ్చు గదా అని కొట్టతను నెత్తి కొట్టుకున్నాడు. గంపలవారు అతని వంక జాలిగా చూశారు. ఇందాక ఒక మాట, ఇప్పుడు ఒక మాట చెప్పే మనిషి. మాట మీద నిలబడనివాళ్ళతో ఎక్కువ మాట్లాడవద్దని అచ్చియ్యమ్మ మంచం మీద నుంచే బిడ్డలను హెచ్చరించింది.

పట్నంలో ఆపరేషన్ చక్కగా జరిగింది. డాక్టరమ్మ కంటికి కట్టు కట్టి, దాన్ని రేపు పొద్దున్న ఇంటి దగ్గర విప్పమని, ఈలోగా గాని, విప్పాక గాని కంటి మీద ఎవరూ చెయ్యి పెట్టవద్దని చెప్పింది. ముగ్గురూ ఆ మాటను పాఠంలా అప్పజెప్పారు. ఇంత శ్రద్ధగా వినేవాళ్ళను తాను చూడలేదని డాక్టరమ్మ మెచ్చుకుంది. సగం చెడింది ఆ మెప్పుతోనే.

ఆపరేషన్ అయిన వెంటనే సముద్రానికి వెళ్ళాలి. వెళ్ళారు. సందెవేళకు భీమిలి చేరి, ట్రాలీలోనే పడుకుని, తెల్లవారగానే తల్లిని చెరొక రెక్కా పట్టుకుని నడిపించి నీళ్ళ అంచున నిలబెట్టారు.

అచ్చియ్యమ్మకు ఎదురుగా పెద్ద హోరు. "ఏ మిల్లురా అది?" అని అడిగింది. పోలినాయుడు చెప్పబోయి నోరు మూసుకున్నాడు. చెప్పవద్దన్నది ఆవిడే. ఎప్పుడు ఆపుతారని అడిగింది. ఎవరూ పలకలేదు. ఇంతలో చల్లటి నీళ్ళు వచ్చి పాదాలను ముంచి, వెనక్కి పోతూ పోతూ అరికాళ్ళ కింది ఇసుకను లాక్కుపోయాయి. ఆవిడ తూలి, కొడుకు చెయ్యి పట్టుకుని నిలదొక్కుకుంది. సముద్రం కాళ్ళకింది నేలను దొంగిలిస్తుందని సింహాద్రినాయుడు ఒకప్పుడు చెబితే, నువ్వు తాగి ఉంటావని తాను నవ్వడం గుర్తొచ్చింది. ఆ మాట నిజమేనన్నమాట.

చేపలగంపతో పోతున్న ఒకామె ఆగింది. కట్టుతో నిలబెట్టారేమని అడిగి, సంగతంతా విని, "తెల్లారిపోయింది గదయ్యా, ఇంక విప్పండి" అంది.

"తెల్లారింది. ఇల్లు రాలేదు" అన్నాడు పోలినాయుడు.

"అయితే ఈ ముసలమ్మ సముద్రం దాకా వచ్చి, సముద్రం చూడకుండానే పోతాదేటి?"

ఆ ప్రశ్న అచ్చియ్యమ్మ గుండెల్లో దిగబడింది. చెయ్యి తనంతట తానే పైకి లేచి, తల వెనక ముడి దగ్గర ఆగింది. ఒక్క లాగు లాగితే చాలు. గట్టు ఉందో లేదో ఇప్పుడే తేలిపోతుంది. ఎదురుగా హోరు పిలుస్తున్నట్టే ఉంది. వేళ్ళు ముడిని తడిమాయి. అయితే లాగిన మరుక్షణం తాను కూడా ఊళ్ళో మిగతా అందరిలాగా, మాటకు బుర్ర కలిపే మనిషి అయిపోతుంది. గంపలవారి ఇంట కాపురం చేసి ఆ పని ఎలా చేస్తుంది? ఆవిడ చెయ్యి దించేసింది.

"మాటంటే మాటే" అంది.

చేపలామె గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. కొంతదూరం పోయాక ఒకసారి ఆగి, వెనక్కి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ నడిచింది.

అప్పుడు వచ్చింది పైడితల్లికి ఆలోచన. ఇల్లు ఇక్కడికి రాదు సరే, సముద్రం ఇంటికి రాకూడదా? అన్నదమ్ములిద్దరూ ఆ తెలివికి నిర్ఘాంతపోయారు. ఇలాంటి కోడలు దొరకడం తన అదృష్టమని అచ్చియ్యమ్మ ఆమె తల నిమిరింది. అంతే. బిందెలో నూతినీళ్ళు పారబోశారు. పోలినాయుడు మోకాళ్ళ లోతుకు వెళ్ళి, వస్తున్న అలలో బిందె ముంచి నింపుకొచ్చాడు. మూతికి తడిగుడ్డ కట్టి, దారంతా పైడితల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోయింది. పొద్దున్న విప్పమన్నారు గనక మళ్ళీ పొద్దు పొడిచేదాకా ఆగారు. పొడిచాక, ఆవిడను పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా బిందె పెట్టి, కట్టు విప్పారు.

వెలుతురు ఒక్కసారిగా కంట్లో పడింది. మొదట గోడ మీద భర్త పటం కనబడింది. పోలినాయుడి మీసంలో నెరుపు కనబడింది. పైడితల్లి ముక్కుపుడక తళుక్కుమంది. వానాకాలం నుంచి ఉన్నచోటనే ఉన్న గిన్నెలు కూడా కనబడ్డాయి. ఆవిడ వాటినన్నిటినీ దాటించి చూపును బిందె మీదికి తెచ్చింది. ముందుకు వంగింది.

"కదలడం లేదేట్రా? కదులుతూనే ఉంటుందనేవాడు మీ నాన్న."

తవిటినాయుడు బిందెను పట్టుకుని ఊపాడు. నీళ్ళు కదిలాయి. ఆవిడ తృప్తిగా తల పంకించి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంటుందన్న మాటా నిజమే. ఇక మిగిలింది ఒకటే. ఊపడం ఆపమని చెప్పి, నీళ్ళు నిలకడగా అయ్యేదాకా ఆగి, ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగా చూసింది.

"అవతలి గట్టు కనబడుతోంది కదరా."

పోలినాయుడు తల్లి భుజం మీద నుంచి తొంగి చూశాడు. "అక్కడ మాకెవరికీ కనబడలేదమ్మా. నీది ఆపరేషన్ చేసిన కన్ను గదా, అందుకని కనబడుతోంది" అన్నాడు గౌరవంగా.

ఆవిడ లేచి పటం దగ్గరికి వెళ్ళింది. ఈ రోజు కోసం దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. గట్టు ఉందని మాత్రం చెప్పింది. ఆయన ఎదురు చెప్పలేదు. కాపురమంతా చూసుకున్నా, ఆ మాటకు ఆయన ఎదురు చెప్పకపోవడం ఇదే మొదలు. గెలిచిన సంతోషం ఎంత వెదికినా ఆవిడకు దొరకలేదు.

"బిందెడు నీళ్ళ కోసం ఇన్నాళ్ళూ పోట్లాడుకున్నాం గదయ్యా" అని, కొంగుతో పటం తుడిచి, కన్ను మాత్రం తుడుచుకోకుండా ఇవతలికి వచ్చింది. కంటి మీద చెయ్యి పెట్టవద్దన్నారు కదా.

వచ్చి, చూడడం అయిపోయింది గనక ఎక్కడిది అక్కడ పెట్టి రమ్మని బిడ్డలకు చెప్పింది. ఇంకేముంది, ఆటో బయటికి తీశారు. పైడితల్లి బిందె ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. అచ్చియ్యమ్మ కూడా ఒక కాలు బండిలో పెట్టింది. అప్పుడు పోలినాయుడు ఆవిడను ప్రేమగా దింపాడు. చూసేసిన దాన్ని చూడడానికి అంత దూరం కుదుపులు పడడం ఎందుకని అడిగాడు. ఆ మాట ఆవిడకు సబబుగానే తోచింది. అరుగు మీద నిలబడి, బండి కదులుతుండగా ఒక్క హెచ్చరిక చేసింది.

"ఒరే, ఏ నీళ్ళలో ముంచారో ఆ నీళ్ళలోనే పొయ్యండి. ఇంకోచోట పోసి రాకండి."

అంతే.

మామిడికాయలు ముదిరి ఆవకాయల వేళ వచ్చింది. అచ్చియ్యమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. ఆవిడకు ఇప్పుడు కొండ కనబడుతోంది, కొండకివతల జీడితోట కనబడుతోంది, చేను, రోడ్డు, రోడ్డు మలుపు కనబడుతున్నాయి. మలుపులో ఆటో మాత్రం కనబడడం లేదు. భీమిలి ఒడ్డున మోకాళ్ళ లోతు నీళ్ళలో ముగ్గురు మనుషులు బిందె పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆనాడు తాము నీళ్ళు ముంచిన అల తిరిగి వస్తుందని, వచ్చిన ప్రతి అలనూ నిదానంగా పోల్చి చూసి, ఇది కాదని వెనక్కి పంపించేస్తున్నారు.