మెడ ముంచిన బాతులు

అనగా అనగా ప్లవ నామ సంవత్సరం, ఎండలు ముదిరి ఈదురుగాలులు మొదలయ్యే రోజులు. కలువకుంట బాతులు ఓట్లు వేసుకున్నాయి.

కలువకుంట బాతులకీ, ఎగువనున్న పెద్దచెరువు బాతులకీ ఒక కూటమి ఉండేది. రెండు నీళ్ళ మధ్యా గట్టు, గట్టులో తూము. ఆ తూము ఎప్పుడూ తెరిచే ఉండాలన్నది కూటమి కట్టడి. ఎండల్లో కుంటకి నీళ్ళిచ్చేది ఆ తూమే. వానల్లో వరద తెచ్చి గూళ్ళు ముంచేదీ ఆ తూమే.

"ఈ కూటమి మనకొద్దు" అని ఆ ఓట్లలో ఎక్కువ బాతులు అన్నాయి. నూకాలు అనే ముసలి బాతూ అదే అంది. దాని గూడు తూము పక్కనే. గూటినిండా పొదిగే గుడ్లు. ఇప్పుడు కదిలించడానికి లేదు.

బయటికి రావాలని తేలింది. ఎలా రావాలో సభ తేల్చాలి.

ఆ సభకి ఒక ఆచారం. ఒప్పుకున్న బాతు మెడ నీళ్ళలో ముంచాలి. ఒప్పుకోనిది మెడ ఎత్తుకుని ఊరికే ఉంటే చాలు.

సభాపతి గంభీరయ్య రెక్క విదిలించి, "తూము మట్టితో పూడ్చేద్దామా?" అని అడిగాడు.

"ఎండాకాలం నీళ్ళు మీ తాత పోస్తాడా?" అంది ఒక బాతు. మెడలు మునగలేదు.

"పోనీ, సగం మూద్దామా?"

"సగం బయటికి రావడమేమిటయ్యా? సగం గుడ్డు పెట్టమన్నట్టుంది!" బాతులన్నీ నవ్వాయి. మెడలు మునగలేదు.

"అయితే మళ్ళీ ఓటు వేద్దామా?"

"మొన్న వేసింది ఓటు కాక ఈకా?" ఈసారి ఒక్క మెడ మునిగింది గానీ, అది చేప కోసం.

ఇంతలో మబ్బు గర్జించింది. తూములోంచి ఎర్రనీరు దూకింది. నూకాలు గూటి అంచు విరిగి, ఒక గుడ్డు దొర్లి వరదలో కొట్టుకుపోయింది.

నూకాలు మిగతా గుడ్ల మీద చెల్లెల్ని కూర్చోబెట్టి, సభ మధ్యకి ఈదుకొచ్చింది.

"గంభీరయ్య బావా, ఈ ఒక్క పూట ఆచారం తిరగెయ్యి. ఒప్పుకోనివాళ్ళే మెడ ముంచాలి. నా మాట వీగిపోయేదాకా ఎత్తకూడదు, ఎత్తితే ఒప్పుకున్నట్టే."

"ఓస్, ఇంతేనా!" అన్నాయి బాతులు. ఆ మాటకి మెడలన్నీ ఇట్టే మునిగి లేచాయి.

"అయితే వినండి. తూముకి అడ్డంగా చెక్కపలక పెడదాం. వానల్లో దించుదాం. ఎండల్లో పెద్దచెరువు వాళ్ళని అడిగి ఎత్తుదాం. కూటమి పోతుంది, ఇరుగుపొరుగు మిగులుతుంది."

బుడుంగు, బుడుంగు! మెడలన్నీ మునిగాయి. నూకాలు తొందరపడలేదు. "నిదానంగా ఆలోచించండర్రా" అంటూ ఈకలు దువ్వుకుంది.

బుడగలు లేచాయి. ఒక మెడ పైకొచ్చింది. "నాకంత అభ్యంతరం లేదులే!" అంది రొప్పుతూ. "పలకంటే నాకు మొదట్నుంచీ ఇష్టమే!" అంటూ ఇంకోటి తేలింది. ఆ వెనకే అన్నీ తేలాయి. ఊపిరి బిగబట్టి వద్దనేంత కోపం ఎవరికీ లేదని అప్పుడు తెలిసింది.

చిట్టచివర గంభీరయ్య తేలి, గట్టిగా తుమ్మి, "నెగ్గింది!" అన్నాడు.

ఆ సాయంత్రమే పలక దిగింది. గూళ్ళు ఆరాయి. కొన్నాళ్ళకి గుడ్లు పగిలి పసుపుపచ్చని పిల్లలు బిలబిలమంటూ నీళ్ళలోకి దూకాయి. పెద్దచెరువు బాతులు గట్టెక్కి చూసి, "ఎండల్లో అడగండర్రా, ఇస్తాం" అన్నాయి. కుంటంతా నవ్వులే నవ్వులు.

పిల్లలూ, వద్దనడానికి ఏ కష్టమూ లేనిచోట ఏ పనీ తెమలదు. అలా తెమలనందుకు ఆ ఏడు అయిన ఖర్చు, నూకాలు గుడ్డు ఒకటి.